భార్యాభర్తలం కలిసి నడిపే వ్యాపారం: రిటైర్మెంట్ ఖాతాల్లో ఎవరి పేరున ఎంత వేయొచ్చు?

నీలాంబరి
అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో ఉంటాం. గ్రీన్‌కార్డులు వచ్చాక మా ఆయన ఉద్యోగం మానేశారు. ఇద్దరం కలిసి చిన్న చిన్న క్లినిక్‌లకి మెడికల్ బిల్లింగ్ చేస్తున్నాం. క్లెయిములు వేయడం, ఇన్సూరెన్స్ వాళ్ళు తిప్పికొట్టినవాటి వెంటపడటం నా పని. క్లయింట్లతో మాట్లాడటం, సాఫ్ట్‌వేర్ సంగతులు ఆయనవి. ఎల్ఎల్‌సీ లాంటి కంపెనీ ఏదీ పెట్టలేదు. క్లినిక్‌లు మాకిచ్చిన డబ్బు చూపించే 1099 ఫారాలన్నీ ఆయన సోషల్ సెక్యూరిటీ నంబరు మీదే వస్తాయి, రిటర్న్‌లో సొంత వ్యాపారం లాభనష్టాలు చూపే షెడ్యూల్ సి కూడా ఆయన పేరునే. 2025లో ఖర్చులన్నీ పోను 1,20,000 డాలర్లు మిగిలింది.

టాక్స్ చేసే ఆయన్ని అడిగితే, "మీవారికి సెప్ ఐఆర్ఏలో (సొంత వ్యాపారం ఉన్నవాళ్ళ రిటైర్మెంట్ ఖాతా) 22,000 పైచిలుకు, మీకు స్పౌజల్ ఐఆర్ఏలో (భర్త సంపాదన మీద భార్య పేరున వేసే ఖాతా) 7,000, అంతే" అన్నారు. రోజంతా నేనూ పనిచేస్తున్నాను కదా, నా పేరున ఇంకో దారే లేదా? ఇద్దరం సోలో 401కె (వేరే ఉద్యోగులు లేని సొంత వ్యాపారాల రిటైర్మెంట్ ప్లాన్) పెట్టుకోవచ్చని ఎవరో అన్నారు. నాకు 41, ఆయనకి 45. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఓరుగల్లు_బిడ్డ
అక్కా, స్పౌజల్ ఐఆర్ఏ సంపాదన లేనోళ్ళ కోసం పెట్టిన దారి. మీరు పొద్దంతా పని చేస్తున్నరు గదా! ఒకటి గుర్తుపెట్టుకోండి. జాయింట్ రిటర్న్ ఉంటది గని జాయింట్ రిటైర్మెంట్ అకౌంట్ ఉండదు. ఎవ్వరి ఖాతా వాళ్ళదే. ఎవ్వరి సంపాదన కాగితం మీద కనబడితే లిమిట్ వాళ్ళకే. మీ కష్టమంతా బావ పేరున రాస్తున్నరు కాబట్టే మీకు ఏడు వేల కాడ ఆగిపోయింది.

లెక్కల_మాష్టారు
నీలాంబరి గారూ, నా వృత్తి ఇదే కాబట్టి లెక్కతోనే చెప్తాను.

ముందు ఇప్పుడున్న పద్ధతి. 1,20,000 లాభం మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ (ఎస్ఈ టాక్స్, అంటే సొంత వ్యాపారం వాళ్ళు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లకి కట్టేది) సుమారు 16,955. అందులో సగం, 8,478, లాభంలోంచి తీసేయాలి. మిగిలిన 1,11,522లో 20 శాతం అంటే 22,304. మీ టాక్స్ ఆయన చెప్పిన సెప్ అంకె ఇదే. చాలామంది "25 శాతం కదా" అంటారు. ఆ 25 శాతం డబ్ల్యూ-2 జీతం (కంపెనీ ఉద్యోగికిచ్చే జీతం) మీద. షెడ్యూల్ సి వాళ్ళకి అదే సూత్రం తిరగేస్తే 20 శాతానికి వస్తుంది.

ఇప్పుడు రెండో పద్ధతి. భార్యాభర్తలిద్దరే యజమానులై, ఇద్దరూ నిజంగా పనిచేస్తూ, జాయింట్ రిటర్న్ వేస్తే 'క్వాలిఫైడ్ జాయింట్ వెంచర్' ఎంచుకోవచ్చు. వ్యాపారం ఎల్ఎల్‌సీ రూపంలో ఉండకూడదు, మీది ఎలాగూ కాదు. ఆదాయం, ఖర్చులు మీ మీ వాటాల ప్రకారం పంచి ఇద్దరూ చెరో షెడ్యూల్ సి, చెరో షెడ్యూల్ ఎస్ఈ (ఎస్ఈ టాక్స్ లెక్క) వేస్తారు. దానికంటూ వేరే దరఖాస్తు లేదు, రిటర్న్ అలా వేయడమే ఎంచుకోవడం.

సగం సగం అనుకుందాం. ఒక్కొక్కరికి 60,000. పైన చెప్పిన లెక్కే వేస్తే ఒక్కొక్కరికి 11,152 వస్తుంది. ఇద్దరివీ కలిపితే మళ్ళీ 22,304! అంటే సెప్‌లో ఉన్నంతకాలం మొత్తం ఒక్క డాలరు కూడా పెరగదు, సగం మీ పేరుకి మారుతుంది, అంతే.

తేడా సోలో 401కెలో వస్తుంది. అందులో 'యజమాని వాటా' అనే ఈ 20 శాతంతోపాటు 'ఉద్యోగి వాటా' అని ఇంకోటి ఉంటుంది. 2025కి మనిషికి 23,500. అది శాతం కాదు, మనిషికింత అన్న అంకె. మీవారు ఒక్కరే ఉంటే 23,500, 22,304 కలిపి 45,804. ఇద్దరూ ఉంటే ఒక్కొక్కరికి 34,652, మొత్తం 69,304. లాభం అదే, పని అదే, రెండో మనిషి కాగితం మీద కనిపించడంవల్ల 23,500కి చోటు పెరిగింది. ఐఆర్ఏలు దీనికి అదనం. 2026కి ఉద్యోగి వాటా 24,500 అయింది, ఐఆర్ఏ 7,500.

ఓరుగల్లు_బిడ్డ
మాష్టారూ, ఇట్ల పంచితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ డబల్ పడదా? మా దోస్తు అందుకే వద్దన్నడు.

లెక్కల_మాష్టారు
వీళ్ళ లాభానికి పడదు. 60,000 మీద ఒక్కొక్కరికి 8,478, కలిపితే అదే 16,955. కానీ మీ స్నేహితుడి మాటలో కొంత నిజం లేకపోలేదు. సోషల్ సెక్యూరిటీ భాగానికి మనిషికో పరిమితి ఉంది, 2025లో 1,76,100. లాభం 2,50,000 ఉండి ఒక్కరి పేరునే చూపిస్తే ఆ పరిమితి దాటినదాని మీద 12.4 శాతం పడదు. చెరి 1,25,000 పంచితే మొత్తం మీదా పడుతుంది, దాదాపు 6,800 ఎక్కువ. అంత లాభం ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాల్సిందే.

అయితే ఆ డబ్బు గాలికి పోదు. భార్య పేరున సోషల్ సెక్యూరిటీ రికార్డు మొదలవుతుంది. సొంతంగా పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగుకి మించి రావు. డిసెబిలిటీ వస్తే ఇచ్చేది కూడా సొంత రికార్డు మీదే. పదేళ్ళు బిల్లింగ్ చేసిన మనిషికి ప్రభుత్వం దగ్గర సున్నా రికార్డు ఉండటం నాకు మింగుడుపడని విషయం. 401కె లెక్కకన్నా ముందు నేను ఇదే అడుగుతాను.

కృష్ణవేణి_ఎన్జే
నా పరిస్థితి కొంచెం వేరు. నేను హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద సొంతంగా యూఐ డిజైన్ చేస్తున్నా, 1099 మీద. లాభం 50,000 దాకా ఉంటుంది. మావారు హెచ్-1బి, కంపెనీ ఇప్పించిన ఉద్యోగ వీసా. రాత్రిళ్ళు ఇన్‌వాయిస్‌లు ఆయనే చూస్తారు. మేం కూడా ఇలా సగం సగం చూపించుకోవచ్చా?

గోదారి_గట్టు
వద్దమ్మా, అస్సలు వద్దు. ఈఏడీ ఉంది కాబట్టి నువ్వు సొంత వ్యాపారం చేసుకోవచ్చు. మీ ఆయన మాత్రం ఏ కంపెనీ పిటిషన్ వేసిందో ఆ ఉద్యోగమే చేయాలి. ఆయన పేరున షెడ్యూల్ సి వేస్తే, అనుమతి లేని పని చేశానని మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టవుతుంది. గ్రీన్‌కార్డు దాకా వెళ్ళేసరికి ఆ రిటర్నులన్నీ బయటికి తీస్తారు. ఇన్‌వాయిస్‌ల పని కూడా నువ్వే చూసుకో తల్లీ.

మీకు పంచాల్సిన అవసరం కూడా లేదు. ఆయనకి ఆఫీసు 401కెలో 23,500 విడిగా ఉంది. నీ సోలో 401కెలో నీకు ఇంకో 23,500, పైన యజమాని వాటా 9,293. మొత్తం 32,793. ఆయన ఆఫీసులో ఎంత వేసినా నీ లిమిట్ తగ్గదు.

తుంగభద్ర
గోదారి గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఒకే మనిషికి ఆఫీసు 401కె, సొంత సోలో 401కె రెండూ ఉంటే ఉద్యోగి వాటా 23,500 రెండిట్లో కలిపే. ఆఫీసులోనే నిండితే సోలోలో యజమాని వాటా ఒక్కటే వేసుకోవాలి. ఉద్యోగం చేస్తూ పక్కన 1099 చేసేవాళ్ళు ఇక్కడే ఎక్కువ వేసేస్తుంటారు, తర్వాత ఏప్రిల్ 15లోగా వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది.

చిత్రావతి
నీలాంబరి గారూ, ఎంత వేయొచ్చో మాష్టారు చెప్పారు. ఎందులో వేయాలో నేను చెప్తాను, ఎందుకంటే మీ అంకెలు చూశాక నాకు అదే పెద్ద విషయం అనిపించింది.

1,20,000లో సగం ఎస్ఈ టాక్స్ 8,478, స్టాండర్డ్ డిడక్షన్ 31,500 తీసేస్తే 80,022. దాంట్లో 20 శాతం క్యూబీఐ డిడక్షన్ (సొంత వ్యాపార లాభానికిచ్చే మినహాయింపు) పోతే 64,000 మిగులుతుంది. 2025లో జాయింట్‌ రిటర్న్‌కి 12 శాతం శ్లాబు 96,950 దాకా ఉంది. అంటే మీరు ఏమీ వేయకముందే 12 శాతంలో ఉన్నారు. పైగా ప్రీటాక్స్‌గా (ఇప్పుడు పన్ను తగ్గించుకుని, తీసేటప్పుడు కట్టేలా) వేసిన ప్రతి వెయ్యికీ క్యూబీఐ 200 తగ్గిపోతుంది. అంటే వెయ్యి డాలర్లు వేస్తే ఫెడరల్ టాక్స్‌లో నిజంగా మిగిలేది 96 డాలర్లు! టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ కూడా లేదు. ఇంత తక్కువకి డిడక్షన్ వాడేసుకుని, ముసలితనంలో తీసేటప్పుడు అప్పటి రేటు కట్టడం ఎందుకు?

కాబట్టి ఉద్యోగి వాటా మొత్తం రాత్‌గా, అంటే పన్ను ఇప్పుడే కట్టి తర్వాత పన్ను లేకుండా తీసుకునేలా, వేయండి. రాత్ ఐఆర్ఏకి ఆదాయ పరిమితి ఉంది కానీ రాత్ 401కెకి లేదు. రాత్ తీసుకునే సోలో ప్లాన్ ఎంచుకోండి, అన్ని కంపెనీల ప్లాన్లలోనూ ఆ వీలు ఉండదు. రిటైర్మెంట్ ఖాతాలో వేస్తే ఎస్ఈ టాక్స్ కూడా తగ్గుతుందని కొందరు అనుకుంటారు, అది ఒక్క సెంటు కూడా తగ్గదు.

ఓరుగల్లు_బిడ్డ
వెయ్యికి 96 డాలర్లేనా! మా సీపీఏ (టాక్స్ అకౌంటెంట్) ఎన్నడూ ఇట్ల లెక్క తీసి చెప్పలే. రాత్ మంచిదనిపిస్తుంది ఇప్పుడు.

నల్లమల
మాది ఎస్ కార్ప్, యజమానులు జీతం, లాభం విడివిడిగా తీసుకునే కంపెనీ. ఇద్దరం పని చేస్తాం, కానీ జీతం నేనే తీసుకుంటున్నా, మిగతాది డిస్ట్రిబ్యూషన్ (లాభంలో వాటా). మా ఆవిడకి కూడా ఇలా చేయొచ్చా?

లెక్కల_మాష్టారు
చేయొచ్చు, కానీ ఎస్ కార్ప్‌లో డిస్ట్రిబ్యూషన్ ఎంత తీసుకున్నా రిటైర్మెంట్ లెక్కలోకి రాదు, డబ్ల్యూ-2 జీతమే లెక్క. ఆవిడకి 40,000 జీతం ఇస్తే ఉద్యోగి వాటా 23,500, యజమాని వాటా 25 శాతం అంటే 10,000. మొత్తం 33,500కి చోటు. దానికి ఖర్చు: ఇదివరకు డిస్ట్రిబ్యూషన్‌గా వచ్చే డబ్బు జీతంగా మారింది కాబట్టి 15.3 శాతం పేరోల్ టాక్స్, 6,120. ఆ ఖర్చు పెట్టి మీరు ఆ చోటుని నిజంగా నింపుతారా అన్నది చూసుకోండి. నింపకపోతే కేవలం ఖాతా కోసం జీతం పెట్టకండి. జీతం కూడా చేసే పనికి తగ్గదిగా ఉండాలి, పనిగంటలు ఎక్కడైనా రాసిపెట్టుకోండి. నిజమైన పని లేకుండా కాగితం మీద జీతం రాయడం నేను ఏ క్లయింటుకీ చేయను.

పిల్లల_బడి
మా ఆవిడ డేకేర్ నడుపుతుంది, ఆరుగురు టీచర్లున్నారు. నాది విడిగా ఐటీ కన్సల్టింగ్, నేనొక్కడినే. నాకు సోలో 401కె ఉంది. ఇందులో చిక్కేమైనా ఉందా? డేకేర్ జీతాల లెక్కలు, నియామకాలు నేనే చూస్తాను.

తుంగభద్ర
ఉంది, అదీ పెద్దదే. భార్య వ్యాపారం భర్తదిగా, భర్తది భార్యదిగా లెక్కేసే నియమం ఒకటుంది. రెండూ ఒకే గుంపు అనుకుంటే ఆ ఆరుగురు టీచర్లు మీ ప్లాన్ పరీక్షల్లోకి (ఉద్యోగులకి న్యాయంగా చోటిచ్చారా అని చూసేవి) వస్తారు, ఇక అది 'సోలో' కాదు. దీనికి మినహాయింపు ఉంది: ఆవిడ వ్యాపారంలో మీకు నేరుగా వాటా ఉండకూడదు, డైరెక్టరుగా, ఉద్యోగిగా ఉండకూడదు, నిర్వహణలో వేలు పెట్టకూడదు, ఇంకా ఒకటి రెండు షరతులున్నాయి. నియామకాలు చూడటం నిర్వహణే. మీరు ఈ వారమే టాక్స్ సీపీఏని కాకుండా రిటైర్మెంట్ ప్లాన్లు చూసే టీపీఏని కలవండి. సెప్‌కి మారినా ఈ నియమం వదలదు. ఇదివరకు మీలాంటివాళ్ళు కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లో (పెళ్ళయ్యాక సంపాదన ఇద్దరిదీ అనే చట్టం ఉన్నచోట) ఉంటే ఆ ఒక్క కారణంతోనే ఇరుక్కునేవారు. 2024 నుంచి అది తీసేశారు.

నీలాంబరి
అందరికీ చాలా థాంక్స్, ఇంత లోతుగా చెప్తారనుకోలేదు. మూడు ప్రశ్నలు. ఒకటి, 2025 రిటర్న్ ఇంకా వేయలేదు, సోలో 401కె ఇప్పుడు తెరిస్తే 2025కి వాడుకోవచ్చా? రెండు, హైదరాబాద్‌లో ఇద్దరు అమ్మాయిలు మాకు డేటా ఎంట్రీ చేస్తారు, వాళ్ళవల్ల సోలో పోతుందా? మూడు, మా ఆయన సెప్‌లో పాతది 93,000 దాకా ఉంది, దాన్నేం చేయాలి?

లెక్కల_మాష్టారు
ఒకటి: షెడ్యూల్ సి రెండుగా వేయడం 2025 రిటర్న్‌లోనే చేయొచ్చు. ప్లాన్ కూడా రిటర్న్ గడువులోగా, ఎక్స్‌టెన్షన్ వేస్తే అక్టోబర్ 15లోగా, తెరిచి 2025 యజమాని వాటా వేయొచ్చు. ఉద్యోగి వాటా దగ్గరే ఇబ్బంది. మొదటి ఏడాదికి వెనక్కి వెళ్ళి వేసుకునే వీలు సెక్యూర్ 2.0 చట్టం ఇచ్చింది, కానీ అది ఒక్కరే యజమాని, వేరే ఎవరూ పనివాళ్ళు లేని వ్యాపారం కోసం రాసింది. దంపతుల వ్యాపారానికి దాన్ని నమ్ముకోకండి. అంటే 2025కి చెరి 11,152, ఉద్యోగి వాటాలు 2026 నుంచి. వెనకటి ఏడాదికి ప్లాన్ తెరవనివ్వని కంపెనీలూ ఉన్నాయి, అడిగి వెళ్ళండి. 2026కి మాత్రం డిసెంబర్ 31లోగా ఇద్దరూ 'ఇంత వేస్తాం' అని రాసి సంతకం పెట్టి ఉంచండి, డబ్బు తర్వాత కట్టొచ్చు.

రెండు: అమెరికాలో ఉండని, అమెరికా ఆదాయం లేని విదేశీ ఉద్యోగుల్ని లెక్కలోంచి మినహాయిస్తారు, కాబట్టి వాళ్ళవల్ల పోదు. ఇక్కడ మనిషిని పెట్టుకుని ఏడాదికి 1,000 గంటలు దాటితే పోతుంది. వరుసగా రెండేళ్ళు 500 గంటలు దాటిన పార్ట్‌టైమ్ వాళ్ళకి కూడా ఇప్పుడు 401కెలో చోటివ్వాలి.

గోదారి_గట్టు
మూడోది నేను చెప్తా. సోలో ప్లాన్ బయటి ఖాతాల డబ్బుని లోపలికి (రోలోవర్) తీసుకునేదైతే ఆ సెప్ డబ్బంతా అందులోకి మార్చేయండి. ఇప్పుడు మీకు రాత్ ఐఆర్ఏ నేరుగా వేసుకునే ఆదాయమే, కానీ వ్యాపారం పెరిగి ఆదాయం హద్దు (2025లో 2,46,000) దాటితే బ్యాక్‌డోర్, అంటే మామూలు ఐఆర్ఏలో వేసి రాత్‌కి మార్చడం, చేయాల్సి వస్తుంది. అప్పుడు ఆ సెప్ అడ్డం పడుతుంది. డిసెంబర్ 31న సెప్‌లో 93,000 ఉండి, కొత్తగా 7,000 వేసి రాత్‌కి మారిస్తే అందులో ఏడు శాతానికే పన్ను ఉండదు, మిగతా 93 శాతం మీద పన్ను కట్టాలి. 401కెలో ఉన్న డబ్బు ఆ లెక్కలోకి రాదు. మంచి విషయం ఏంటంటే ఈ లెక్క కూడా మనిషి మనిషికే. ఆయన సెప్ వల్ల మీ బ్యాక్‌డోర్ చెడదు.

ఇంకోటి, ప్లాన్‌లో ఇద్దరి బాలన్సు కలిపి ఏడాది చివర 2,50,000 దాటిందంటే 5500-ఈజెడ్ ఫారం (ప్లాన్ వివరాలు ప్రభుత్వానికి తెలిపేది) జూలై 31లోగా పంపాలి. ఇద్దరివీ కలిపి అన్నది మరవకండి. ఎవరి ఖాతాలో వాళ్ళు లక్షా నలభై వేలు చూసుకుని మనకి అక్కర్లేదనుకుంటారు. ఆలస్యానికి రోజుకి 250 డాలర్లు, గరిష్ఠంగా 1,50,000 దాకా. నోటీసు రాకముందే మనంతట మనం వెళ్తే ఫారానికి 500 చొప్పున, ప్లాన్‌కి గరిష్ఠంగా 1,500తో వదిలేస్తారు.

పెద్దబాబు
నేను వయసులో మీకందరికన్నా పెద్దవాణ్ణి, రిటైరై నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నా. అమ్మా నీలాంబరీ, 69,000 అన్నది హద్దు, అంత వేసి తీరాలని కాదు. లక్షా ఇరవైలో పన్నులు పోగా చేతికి తొంభై అయిదు వేలు చిల్లర వస్తుంది. అందులోంచి అంత వేస్తే ఇల్లు గడవదు. క్లినిక్ ఒకటి వెళ్ళిపోతే ఆర్నెల్లు నిలబడే డబ్బు బయట ఉంచుకున్నాకే వేయండి. 59½ లోపు తీస్తే పన్ను కాక 10 శాతం జరిమానా. 401కెలో, ప్లాన్ ఒప్పుకుంటే, బాలన్సులో సగం దాకా, 50,000 మించకుండా అప్పు తీసుకోవచ్చు. సెప్‌లో ఆ వీలు లేదు.

వేయగలిగింది ముప్ఫై వేలే అయితే ఆయన ఖాతా నింపాక మిగిలితే నీది అనుకోవద్దు. ముందు నీ ఖాతాలో వెయ్యండి. మా తరంలో ఇద్దరూ చాకిరీ చేసి ఒక్కరి పేరున దాచాం. ఆయన పోయాక బ్యాంకుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవాళ్ళని నేను చాలామందిని చూశాను.

కృష్ణవేణి_ఎన్జే
పెద్దబాబు గారి మాట నాకు బాగా తగిలింది. ఇంకో సందేహం, మేం ఓ పదేళ్ళకి ఇండియా వెళ్ళిపోవచ్చు. అప్పుడు ఈ ఖాతాల సంగతి?

తుంగభద్ర
ఖాతా ఇక్కడే ఉంచుకోవచ్చు. ఇండియా రెసిడెంట్ అయ్యాక ఖాతాలో ఏటా పెరిగేదాని మీద అక్కడ పన్ను, ఇక్కడేమో తీసినప్పుడు పన్ను అనే చిక్కు ఉండేది. దానికి 89ఎ సెక్షన్ తెచ్చి, 2022లో అమెరికా, కెనడా, యూకేలకి వర్తింపజేశారు. దానికోసం పెట్టిన ఫారం వేస్తే అక్కడ కూడా తీసినప్పుడే పన్ను. వెళ్ళేముందు ఆ పని తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్‌ని ఇండియాలో పట్టుకోండి.

నీలాంబరి
రాత్రి ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఈ రిటర్న్ నుంచే రెండు షెడ్యూల్ సిలు. 2025కి యజమాని వాటా నా పేరున ఉన్న 11,152 మొత్తం వేస్తాం, ఆయనది సగమే. ఇద్దరికీ రాత్ ఐఆర్ఏ చెరి 7,000. 2026లో ఉద్యోగి వాటా రాత్‌గా, ముందు నాది. మావారు పెద్దబాబు గారి పోస్టు రెండుసార్లు చదివించుకున్నారు. ఐఆర్ఏలు ఈ వారమే వేసేద్దామనుకుంటున్నాం, చూసుకోవాల్సిందేమైనా ఉందా?

గోదారి_గట్టు
ఉంది. డబ్బు పంపేటప్పుడు 'ఏ సంవత్సరానికి' అన్న చోట 2025 అని మీరే ఎంచుకోవాలి, లేకపోతే 2026 కింద రాసేస్తారు. ఐఆర్ఏకి ఏప్రిల్ 15 తర్వాత గడువు లేదు, ఎక్స్‌టెన్షన్ వేసినా పెరగదు. రెండు ఖాతాలకీ బెనిఫిషియరీ (నామినీ) ఫారాలు అదే రోజు నింపేయండి.